రోమానీ గూడు బండి సొంతంగా కట్టుకోవడం, రంగులు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్‌లో. రెండు చలికాలాలు గ్యారేజీలో పనిచేసి, కారు వెనక తగిలించుకుని తీసుకెళ్లే బండి ఒకటి కట్టుకున్నాను. పైన ఆకుపచ్చ కాన్వాస్ గూడు, ముందూ వెనకా చెక్కడపు పలకలు, పసుపు రంగు అడుగు చట్రం. రోడ్డు మీద చూసిన తెలుగువాళ్లు ఆపి మరీ అడుగుతారు. ఇండియా నుంచి చుట్టాలు ఫోన్లో అడుగుతారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఒకచోట జవాబులు రాస్తే బాగుంటుందనిపించింది.

అసలు ఇది ఎవరి బండి?

బ్రిటన్‌లోని రోమానీ జిప్సీలది. వాళ్లు దీన్ని వార్డో అంటారు. రోమానీలు ఈ దేశానికి వచ్చి 500 ఏళ్లు దాటింది. 1505 నాటికే స్కాట్లండ్ రాజు లెక్కల పుస్తకాల్లో వాళ్ల ప్రస్తావన ఉంది. 1530లో ఇంగ్లండ్ పార్లమెంటు వాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టమని చట్టమే చేసింది. అయితే బండిలో కాపురం మాత్రం అంత పాతది కాదు. 19వ శతాబ్దం నడిమి దాకా వాళ్లు ఎక్కువగా వంచిన కొమ్మల మీద దుప్పట్లు కప్పిన గుడారాల్లో ఉండేవాళ్లు. ఆ తర్వాతే బండి ఇల్లయింది. సుమారు 1870 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా మంచి బండ్లు చాలా తయారయ్యాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాటిని చేసినవాళ్లలో ఎక్కువమంది రోమానీలు కారు. రెడింగ్ ఊళ్లో డంటన్ కుటుంబం, లీడ్స్ పక్కన రాత్‌వెల్ హేయ్‌లో బిల్ రైట్ లాంటి బండి వడ్రంగులు రోమానీ కుటుంబాలు చెప్పినట్టు చేసి ఇచ్చేవాళ్లు. పనితనం వడ్రంగిది, అభిరుచి ఇంటావిడది. పెళ్లయిన కొత్త జంట బండి చేయించుకోవడం అంటే మన దగ్గర ఇల్లు కట్టుకోవడం లాంటిదే.

వీళ్లు మన లంబాడీలేనట కదా?

ఈ మాట ప్రతి తెలుగు ఇంట్లోనూ విన్నాను. రోమానీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట భారతదేశం నుంచి పడమటికి వెళ్లారన్నది నిజం. వాళ్ల భాష మన ఉత్తరాది భాషల కుటుంబంలోది. నీళ్లను పాని అంటారు, ఉప్పును లోన్ అంటారు, మనిషిని మనుష్ అంటారు. లోన్ అన్న మాట విన్నప్పుడు మన లవణం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది నాకు. లంబాడీల గోర్ బోలీ కూడా అదే పెద్ద కుటుంబంలోని భాష. అంతమాత్రాన ఇద్దరూ ఒకే జనం అనలేం. ఇన్ని వందల ఏళ్లలో ఎవరి దారి వాళ్లది, ఎవరి కథ వాళ్లది.

ఒక్క గుర్తు మాత్రం సూటిగా మనతో ముడిపడింది. 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభలో తమ జెండాను ఆమోదించారు. పైన నీలం, కింద ఆకుపచ్చ, నడుమ 16 ఆకుల ఎర్ర చక్రం. ఆ చక్రంలో బండీ ఉంది, వదిలి వచ్చిన దేశమూ ఉంది.

రోమానీలం కాని మనం దీన్ని కట్టుకోవచ్చా?

నన్ను నేను ముందు వేసుకున్న ప్రశ్న ఇదే. కట్టుకోవడం తప్పు కాదనే అనుకుంటున్నాను. సరదాకి కారవాన్లో తిరగడం అన్నదే ఈ బండ్లను చూసి మొదలైంది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు బ్రిస్టల్‌లో 18 అడుగుల బండి చేయించుకుని, దానికి వాండరర్ అని పేరు పెట్టి, గుర్రాలతో స్కాట్లండ్ దాకా వెళ్లాడు. ఆయన విహారానికి బండి ఎక్కిన ఆ కాలంలోనే రోమానీలను ఊరి పొలిమేరల నుంచి తరిమేవాళ్లు. ఇప్పటికీ వాళ్లకు బండి నిలుపుకునే చోటు దొరకడం కష్టంగానే ఉంది. అది తెలిసి కట్టుకోవాలి.

నేను పెట్టుకున్న నియమాలు రెండు. ఎవరు అడిగినా ఇది రోమానీ బండి నమూనా అని చెబుతాను, నా సొంత డిజైన్ అనను. ఒక కుటుంబపు బండి మీదున్న బొమ్మను ఉన్నదున్నట్టు దించను. జిప్సీ అనే మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లో చాలామంది రోమానీలు తమను తాము గర్వంగా జిప్సీలనే చెప్పుకుంటారు. యూరప్‌లో కొన్నిచోట్ల అదే మాట తిట్టు. ఎదుటివాళ్లు తమను ఏమని పిలుచుకుంటే మనమూ అలాగే పిలవడం మంచిది.

ఎన్ని రకాలున్నాయి? మొదటిసారికి ఏది మేలు?

ముఖ్యంగా ఆరు పేర్లు వినిపిస్తాయి. రెడింగ్, లెడ్జ్, బర్టన్, బ్రష్, బౌటాప్, ఓపెన్‌లాట్.

రెడింగ్ బండికి పెద్ద చక్రాలు గోడలకు బయట ఉంటాయి, గోడలు పైకి పోయేకొద్దీ వెలుపలికి ఒరుగుతాయి. లెడ్జ్ బండిలో గది చక్రాల మీదుగా పక్కలకు అరుగులా విస్తరిస్తుంది. బర్టన్‌లో చక్రాలు గది కిందే ఉంటాయి. చీపుర్లు, బుట్టలు అమ్మేవాళ్లదైన బ్రష్ బండికి తలుపు వెనక ఉంటుంది, మిగతావాటికి ముందు. బౌటాప్ మన గూడు బండే. వంచిన బద్దల మీద గుడ్డ కప్పిన గూడు. అదే గూడుకు ముందు చెక్క గోడ, తలుపు తీసేసి తెర వేస్తే ఓపెన్‌లాట్.

మొదటిసారి కట్టేవాళ్లకు బౌటాప్ చెబుతాను. తేలిక, గాలికి తక్కువ అడ్డం, చెక్కపని ముందూ వెనకా మాత్రమే. రెడింగ్ అందం వేరు, కానీ దాని ఒరుగు గోడల్లో ఒక్క మూల కూడా లంబకోణం ఉండదు. నాలుగు చెక్కలు బిగించిన అనుభవంతో దాని జోలికి పోవద్దు.

చక్రాల చెక్కపని కూడా నేర్చుకోవాలా?

అక్కర్లేదు. కారుతో లాగే బండికి ట్రైలర్ చట్రం, రబ్బరు టైర్లు చాలు. ఇక్కడ ఒక్క విషయం మాత్రం చెప్పాలి, ఎందుకంటే బండి మొత్తం అర్థమయ్యేది చక్రం దగ్గరే.

మా తాతగారి ఊళ్లో బండి చక్రానికి పట్టా ఎక్కించడం చిన్నప్పుడు చూశాను. ఇనుప పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చక్రం చుట్టూ దించి, గబగబా నీళ్లు పోసేవాళ్లు. ఇనుము ముడుచుకుంటూ ఆకులన్నిటినీ లోపలికి బిగించేది. చెక్క కిర్రుమనేది. ఇంగ్లండ్ వడ్రంగి చేసిందీ అక్షరాలా అదే. మన దగ్గర చక్రానికి నల్లతుమ్మ వాడితే, ఇక్కడ నడిమి బొడ్డుకు ఎల్మ్, ఆకులకు ఓక్, చుట్టూ ఉండే వంపు చెక్కలకు యాష్. బొడ్డు చీలకూడదు, ఆకు విరగకూడదు, అంచు దెబ్బలకు సాగాలి. ఒక్కో పనికి ఒక్కో చెట్టు.

అయితే ఇక్కడ బండిని లాగేది ఒక్క గుర్రమే. బండి కిందనుంచి పైదాకా ప్రతి నిర్ణయం ఆ గుర్రం లాగగల బరువును బట్టే జరిగింది. ఆకు బొడ్డులోకి దిగే చోటా, అంచును కలిసే చోటా చెక్క నిండుగా ఉండాలి, బలం కావలసింది అక్కడ. నడుమ అంత చెక్క అక్కర్లేదు. అందుకే నడుమ అంచులు ఏటవాలుగా చెక్కేసేవాళ్లు. నిలువు కమ్మీలకూ, అడుగు దూలాలకూ అంతే. అతుకు దగ్గర నిండుగా వదిలి, మిగతాచోట చెక్కి బరువు తగ్గించేవాళ్లు. మనం అలంకారం అనుకునేదంతా మొదట బరువు తీసేయడం. రంగు ఆ తర్వాత వచ్చి, ఎక్కడ చెక్కారో అక్కడే ఇంకో రంగు పూసి చూపించింది. ఈ సంగతి బోధపడ్డాక నా పని తీరే మారిపోయింది. గీత ఎక్కడ గీయాలా అని కాగితం మీద ఆలోచించడం మానేసి, చెక్క ఎక్కడ తీసేయవచ్చో చూడటం మొదలుపెట్టాను.

ట్రైలర్ ఎలాంటిది తీసుకోవాలి? చట్టం ఏమంటుంది?

ఇవి బ్రిటన్ నియమాలు. మామూలు కారుతో లాగే ట్రైలర్ వెడల్పు 2.55 మీటర్లు, పొడవు 7 మీటర్లు మించకూడదు. మొత్తం బరువు 750 కిలోలు దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకులుండాలి. 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా 3,500 కిలోల దాకా లాగవచ్చు, కారు సామర్థ్యం మాత్రం వేరుగా చూసుకోవాలి. వేగం నడుమ విభజన లేని రోడ్డు మీద గంటకు 50 మైళ్లు, మోటార్‌వే మీద 60. నేను 50 దాటను. గుండ్రటి గూడే అయినా ముందు గోడ గాలిని తెరచాపలా పట్టుకుంటుంది.

ట్రైలర్ సొంతంగా వెల్డింగ్ చేయవద్దు. అనుమతి పత్రాలతో సహా అమ్మే, బ్రేకులున్న ఒంటి ఇరుసు బల్ల ట్రైలర్ కొనండి. నాది 10 అడుగుల పొడవు, మోయగల మొత్తం బరువు 1,300 కిలోలు. బండి పూర్తయ్యాక కాటాకు పెడితే 840 తూగింది. పొయ్యి, నీళ్ల డబ్బా, పడక పెట్టాలనుకున్న చోట్ల అంత బరువు ఇటుకలు పేర్చి, కారు కొక్కెం మీద ఎంత బరువు పడుతుందో ముందే చూసుకోండి. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం అక్కడ పడాలి. తక్కువైతే రోడ్డు మీద బండి తోక ఊపుతుంది. అది ఒక్కసారి అనుభవించినా జన్మలో మరవరు.

గూడు బద్దలు ఎలా వంచాలి?

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నా డబ్బూ ఓపికా ఎక్కువ పోయింది ఇక్కడే.

పాత పద్ధతి ఆవిరి. యాష్ చెక్కను పొడవాటి పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తారు, అంగుళం మందానికి గంట లెక్కన. బయటికి తీశాక నిమిషంలోపే అచ్చు మీద వంచెయ్యాలి. ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు కావాలి. చెక్క గాలికి ఆరినదై ఉండాలి. కొలిమిలో ఎండబెట్టిన చెక్కకు ఆ సాగే గుణం పోతుంది. నేను ఆ తేడా తెలియక కలప దుకాణంలో నునుపుగా కనిపించిన ఎండు యాష్ కొన్నాను. మొదటి బద్ద ఠప్పున విరిగింది. రెండోది అచ్చు మీద కూర్చుంది, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. తెల్లారేసరికి వంపు బయటి వైపు పొడవునా చీలింది.

అప్పుడు రెండో పద్ధతికి మారాను. 5 మిల్లీమీటర్ల పలుచని యాష్ బద్దలు నాలుగు, మధ్యలో నీటికి చెడని జిగురు పూసి, ప్లైవుడ్ అచ్చు మీద వంచి, జానెడు దూరానికొక బిగింపు చొప్పున 24 గంటలు వదిలేయడం. పలుచని బద్ద మన వెదురు బద్దలాగే చేతికి లొంగుతుంది. జిగురు ఆరాక నాలుగూ ఒక్కటై ఆ వంపులోనే నిలుస్తాయి. అచ్చు నుంచి తీయగానే వంపు కొద్దిగా విచ్చుకుంటుంది కాబట్టి అచ్చునే అంగుళం ఎక్కువ వంచి చేసుకోవాలి. నా గూడు ఆరున్నర అడుగుల వెడల్పు, దానికి 11 అడుగుల బద్దలు పట్టాయి, మొత్తం ఏడు వంపులు. రోజుకు ఒకటి లెక్కన ఏడు రోజులు. ఏడోదానికి చేతులకే లెక్క తెలిసిపోయింది.

వంపులన్నీ నిలబెట్టాక నడినెత్తి మీద ఒకటి, పక్కలకు మూడేసి చొప్పున పొడవు బద్దలు మరలతో బిగించాలి. ఆ రాత్రి లైటు వేసి కాసేపు కింద కూర్చున్నాను. మా ఊరి వెదురు గూడు బండిలో పడుకుని జాతరకు వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి.

కాన్వాస్ ఏది? వానకు కారుతుందా?

నీటికి తట్టుకునేలా శుద్ధి చేసిన నూలు కాన్వాస్, చదరపు గజానికి 15 ఔన్సుల బరువుది. ప్లాస్టిక్ పూత ఉన్నది వద్దు. రాత్రి ఇద్దరు పడుకుంటే ఊపిరి ఆవిరంతా దాని లోపలివైపు బొట్లు బొట్లుగా పట్టి తెల్లారేసరికి పక్కబట్టలు తడుస్తాయి. నూలు గుడ్డ గాలి ఆడనిస్తుంది. తడిస్తే దారం ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి.

ఒక్క గుడ్డతో సరిపోదు. లోపల పూల గుడ్డ, మధ్యలో ఉన్ని కంబళి, పైన కాన్వాస్. మూడు పొరలు. కంబళే చలి ఆపేది. నేను మొదట కంబళి మానేసి డబ్బు మిగిల్చాననుకున్నాను. అక్టోబరులో ఒక్క రాత్రి చాలింది, ఇంటికొచ్చి గుడ్డ విప్పి కంబళి వేశాను. లోపలి పూల గుడ్డ బదులు మంగళగిరి చీర వేయాలని మా అమ్మ పట్టుబట్టింది. అదే ఉంది ఇప్పుడు.

పొయ్యి పెట్టవచ్చా?

పెట్టవచ్చు, భయంతో పెట్టాలి.

పాత బండ్లలో ముందు తలుపు గుండా లోపలికి వెళ్తే పొయ్యి ఎడమ చేతి వైపు ఉంటుంది. కారణం రోడ్డే. బ్రిటన్‌లో బండి ఎడమ పక్కన నడుస్తుంది, చెట్ల కొమ్మలు ఎడమ నుంచే వాలుతాయి. ముందు తలుపు నుంచి వెనక్కి తిరిగి చూస్తే ఎడమ అనిపించేది నిజానికి బండికి కుడి పక్క, అంటే రోడ్డు నడిమి వైపు. పొగగొట్టం కొమ్మలకు తగలదు. నా బండికి ముందువైపు కారు కొక్కెం అడ్డమని తలుపు వెనక పెట్టాను. అందువల్ల లోపలికి అడుగుపెట్టగానే నా పొయ్యి కుడి చేతి వైపు. పాత బొమ్మ చూసి ఎడమనే పెట్టి ఉంటే గొట్టం మొదటి చెట్టుకే ఊడిపోయేది.

పొయ్యి చుట్టూ కాలని పలక, గోడకు పొయ్యి తయారీదారు చెప్పినంత దూరం, రెండు పొరల పొగగొట్టం, ఎప్పుడూ మూయని గాలి కంత, కార్బన్ మోనాక్సైడ్ అలారం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అగ్గిపుల్ల గీయకండి. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట వంట చేసిన బార్బెక్యూనో కుంపటినో, నిప్పులు ఆరిపోయాయి కదా అని చలికి లోపలికి తెచ్చుకోవద్దు. కాన్వాస్ గూడే కదా, గాలి వస్తుందిలే అనుకోవద్దు.

లోపల ఏమేం పడతాయి?

వెనక గోడకు అడ్డంగా పడక, దాని కింద జరిపే తలుపులున్న అర. పాత రోజుల్లో పిల్లలు ఆ అరలో పడుకునేవాళ్లు. పొయ్యి, దానికి ఎదురుగా కూర్చునే పెట్టె, మూల ఒక అద్దాల బీరువా. అంతే. నా బండిలో పడక ముందు గోడకు మారింది, తలుపు వెనక్కి వచ్చింది కాబట్టి. మా పాప ఆ అరలోనే పడుకుంటానంటుంది.

రంగు వేయడానికి ముందు చెక్కను ఎలా సిద్ధం చేయాలి?

మొత్తం రంగుల పనిలో సగానికి పైగా ఇదే, చూసేవాళ్లకు మాత్రం కనిపించదు.

పైన్ చెక్కలో ముడులుంటాయి. వాటిలోంచి జిగురు ఎండకు కారి రంగును పసుపుగా మారుస్తుంది. ప్రతి ముడికీ లక్క ద్రావణం రెండు పూతలు వేయాలి. తర్వాత ప్రైమర్, దాని మీద అడుగు రంగు రెండు పూతలు, ప్రతి పూత ఆరాక తడి ఎమరీ కాగితంతో రుద్దడం, ఆపైన మెరుపు రంగు రెండు పూతలు. చేత్తో నిమిరితే చెక్క రేఖలు తగలకూడదు. గ్యారేజీ 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నరోజు, పొగమంచు పట్టిన సాయంత్రం మెరుపు రంగు జోలికి పోవద్దు. తెల్లారేసరికి పాలు విరిగినట్టు మసకబారుతుంది.

పలకల విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. ఒకదాని అంచు నాలుక పక్కదాని గాడిలో దూరే పలకలను జిగురుతో అంటించేశాను, గట్టిగా ఉంటుందని. ముందు గోడంతా తీగలు గీసి మురిసిపోయాను. మొదటి ప్రయాణంలోనే, గతుకుల దారిలో రెండు పలకల మధ్య జిగురు విడి, గీసిన తీగ నిలువునా రెండుగా చీలింది. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, బండి నడిస్తే మెలిపడుతుంది. పలకలను గాడిలో వదులుగా కూర్చోబెట్టి, ఒక్కో పలకకు ఒక్కో వరుస మేకులే కొట్టాలి. పాతవాళ్లు ముందు బండిని నడిపి, చెక్కలన్నీ సర్దుకున్నాకే బొమ్మ వేసేవాళ్లేమో అనిపిస్తుంది. మీరూ 100 మైళ్లయినా తిప్పాకే కుంచె పట్టండి.

పాత బండిని బాగుచేస్తుంటే ఇంకో హెచ్చరిక. పాత రంగులో సీసం ఉంటుంది. బ్రిటన్‌లో సీసం రంగుల మామూలు అమ్మకం ఆగింది 1992లోనే. పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చవద్దు, పరీక్ష చేయించండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి ఆరుబయట పరచండి.

ఏ రంగులు వాడాలి?

అడుగు చట్రానికి గడ్డి పసుపు. దాని మీద ఎర్ర గీతలు. గదికి ముదురు ఎరుపు గానీ ముదురు ఆకుపచ్చ గానీ. చెక్కిన అంచులకు మీగడ రంగు. నాలుగుకు మించితే బండి అంగడిలా కనిపిస్తుందని నా అభిప్రాయం. నీటిలో కలిపే రంగులు చెక్కకు మంచివే, గీతల పనికి మాత్రం నూనె ఎనామెలే కావాలి. బోర్డులు రాసేవాళ్లు వాడేది అడగండి. ఒక్క పూతకే కప్పుతుంది, కుంచె జాడలు తనంతట తానే సర్దుకుంటాయి.

పొడవాటి గీత వణక్కుండా ఎలా వస్తుంది?

గీతల కుంచె వేరే ఉంటుంది. ఉడుత వెంట్రుకలు, కత్తి ఆకారం, వేలంత పొడవు. మొత్తం కుంచెను రంగులో తడిపి, పలక మీద రెండువైపులా లాగి నిండుగా పట్టించాలి. చిటికెన వేలు చెక్క అంచుకు ఆనించి, కుంచెను అంచుతో సమాంతరంగా వెనక్కి లాగాలి. చూపు కుంచె మీద కాదు, గీత వెళ్లబోయే చోట ఉండాలి. చెయ్యి కదలకూడదు, మనిషి కదలాలి. ఊపిరి వదులుతూ నడవాలి. రంగు మరీ చిక్కబడితే, దాన్ని పలుచన చేసే వైట్ స్పిరిట్ అనే ద్రవం రెండు చుక్కలు.

సంక్రాంతి ముగ్గు వేసినవాళ్లకు ఇది త్వరగా వస్తుంది. పిండి జారే వేగమూ చెయ్యి కదిలే వేగమూ ఒకటైతేనే ముగ్గు గీత సమంగా పడుతుంది. ఇక్కడ రంగుకూ అదే లెక్క. నేను నెల రోజులు గాజు పలక మీద సాధన చేసినా రాని గీతను మా ఆవిడ రెండో రోజే లాగింది. బండి కుడి పక్క గీతలన్నీ ఆమెవే.

తప్పు పడితే కంగారు వద్దు. కింద మెరుపు రంగు బాగా ఆరి ఉంటే, వెంటనే వైట్ స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిస్తే పోతుంది.

తీగలూ ఆకులూ ఎలా గీయాలి?

అన్నీ రెండే వంపుల్లోంచి పుడతాయి. ఒకటి కొడవలి వంపు, ఇంకోటి పాము మెలిక. కుంచెను అదిమి మొదలుపెట్టి, లాగుతూ లాగుతూ ఒత్తిడి తగ్గించి, చివర సన్నగా లేపేయాలి. ఒక్క ఊపులో పడాలి, రెండోసారి దిద్దితే ఆకు చచ్చిపోతుంది.

ముందు ఒక నడిమి కాడ గీసి, దానిలోంచి ఇరుపక్కలా ఆకులు విడదీయండి. ఏ ఆకైనా మళ్లీ కాడలో కలిసిపోయేలా ఉండాలి. ఆరాక వెలుగు ఎడమ పైనుంచి పడుతోందనుకుని, ప్రతి ఆకుకు కింది అంచున ముదురు, పై అంచున సన్నటి లేత గీత. అప్పుడు చెక్కిన ఆకులా పైకి లేస్తుంది. రెండువైపులా ఒకేలా రావాలంటే కాగితం మీద సగం గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మూటలో సుద్దపొడి వేసి అద్దండి. కాగితం తిప్పి రెండో పక్కా అద్దండి.

ద్రాక్ష గుత్తులు, గుర్రపు తలలు, లాడాలు, పక్షులు ఈ బండ్ల మీద ఎక్కువ కనిపిస్తాయి. గులాబీలు, కోటలు మాత్రం ఇంగ్లండ్ కాలువ పడవల సంప్రదాయం. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నా బండి తలుపు మీద నేను నెమలి వేశాను. అది రోమానీ నమూనా కాదు, అడిగినవాళ్లకు మా తెలుగు ఇంటి గుర్తు అని చెబుతాను.

బంగారు రేకు అవసరమా?

అవసరం కాదు, కానీ బంగారు పెయింట్ మాత్రం వేయకండి. రెండేళ్లలో మట్టి రంగులోకి దిగుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే లేత పసుపు ఎనామెల్ నిజాయితీగా ఉంటుంది.

వేసేటట్టయితే 23 1/2 క్యారెట్ల రేకు, కాగితానికి అంటించి అమ్మేది కొనండి. అది గాలికి ఎగరదు. పుస్తకంలో 25 రేకులు, ఒక్కోటి 80 మిల్లీమీటర్ల చదరం. కింది రంగు పూర్తిగా ఆరాక దాని మీద సుద్దపొడి అద్ది దులిపేయాలి, లేకపోతే రేకు కావలసిన చోటే కాదు, ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. చెక్కిన చోట మాత్రమే నూనె జిగురు పలుచగా పూయాలి. వేలి కణుపు ఆనిస్తే తడి అంటకుండా కిచమన్నప్పుడే రేకు అద్దాలి. అంతకుముందు వేస్తే బంగారం మునిగిపోయి మెరుపు చస్తుంది, ఆలస్యమైతే పట్టదు.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో కట్టుకోవచ్చా?

తోటలో కదలకుండా నిలిపి ఉంచేందుకైతే తప్పకుండా. రోడ్డు మీద లాగాలంటే మన దేశంలో ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ కావాలి, ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. యాష్ వెతకవద్దు, గూడుకు వెదురు మనవాళ్లు ఎప్పటినుంచో వంచుతున్నారు. చెదల కోసం కాళ్ల కింద రాతి దిమ్మెలు పెట్టండి. కంబళి పొర మానేయండి. రెండు గుడ్డల మధ్య నాలుగు అంగుళాల ఖాళీ వదిలితే ఎండ వేడి లోపలికి తగ్గుతుంది.

అసలైన బండ్లు ఎక్కడ చూడవచ్చు?

వూస్టర్‌షైర్‌లో హార్ట్‌ల్‌బరీ కోటలోని మ్యూజియంలో పాత బండ్ల మంచి సేకరణ ఉంది. వంగి బండి కిందికి చూడండి, పనితనమంతా అక్కడే. బతికున్న బండ్లు చూడాలంటే జూన్ మొదట్లో కంబ్రియాలోని ఆపిల్‌బీ గుర్రాల సంతకు వెళ్లండి. రోమానీలు, ఐరిష్ ట్రావెలర్లు అనే ఐర్లండ్ సంచార జనం కుటుంబాలతో బండ్లలో వస్తారు, ఈడెన్ నదిలో గుర్రాలను కడుగుతారు. అవి వాళ్ల ఇళ్లు. అడగకుండా లోపలికి తొంగిచూడవద్దు, ఫోటో తీయవద్దు.

నేను అక్కడ ఒక పెద్దాయనను అడిగి ఆయన బండి చక్రం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మా తాతగారి ఊళ్లో పట్టా ఎక్కించే తీరు చెప్పాను. ఆయన విని, నీళ్లు ఎవరు పోసేవాళ్లని అడిగాడు. పిల్లలమే, బిందెలతో అన్నాను. ఇక్కడా అంతే అన్నాడు.

పాత బండ్లు అంత తక్కువ మిగిలాయెందుకు?

యజమాని చనిపోతే బండినీ, సామాన్లనూ తగలబెట్టడం రోమానీ కుటుంబాల్లో ఆచారంగా ఉండేది. పోయినవాళ్ల వస్తువేదీ బతికున్నవాళ్లు వాడుకోకూడదని. 20వ శతాబ్దంలో కూడా అలా కాల్చిన బండ్లున్నాయి. కొన్ని వానకు కుళ్లాయి, కొన్ని మోటారు కారవాన్లు వచ్చాక అమ్ముడుపోయాయి.

ఏటా ఏం చూసుకోవాలి?

మార్చిలో ఒక ఎండ రోజు కాన్వాస్ విప్పి ఆరేయండి. తడి గుడ్డను ఎప్పుడూ మడిచి దాచవద్దు, బూజు మచ్చ పోదు. కాన్వాస్ చెక్కకు తగిలే అంచుల్లో కుళ్లు మొదలవుతుంది, మేకు మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే అక్కడికి చెక్క మార్చాలి. వార్నిష్ రెండేళ్లకోసారి. టైర్లు అరగకపోయినా ఎండకు పగులుతాయి, వాటి వయసు చూడండి. కారుకు తగిలించే కొక్కెం దగ్గర బ్రేకు తీగ తుప్పు పట్టిందేమో ప్రతి ప్రయాణానికి ముందూ చూడాలి.